టూరిస్టులు ఆగిపోతే ఊరి చేతిలో ఏం మిగులుతుంది?

సీజన్_గైడు:
టూరిజం వస్తే ఊరు బాగుపడుతుందంటారు, నిజమే, నాకూ సీజన్‌లో గైడు పని బాగానే దొరుకుతుంది. కానీ 2020లో ప్రపంచమంతా విదేశీ పర్యాటకుల రాక 70 శాతానికి పైగా పడిపోయింది. అలాంటి దెబ్బ మళ్లీ తగిలితే తట్టుకునేదెలా అని టెన్షన్. మీరెలా గట్టెక్కారు?

వానచినుకు:
మాది హోమ్‌స్టే. పొలం అమ్మకుండా ఉంచుకున్నాం కాబట్టి తిండికి లోటు రాలేదు. పక్కవాళ్లు ఉన్నది అమ్మేసి, పైగా అప్పు చేసి గదులు కట్టారు. గదులు ఖాళీగా ఉన్నా అప్పు మాత్రం అలాగే ఉంటుంది కదండీ.

లెక్కల_మనిషి:
వానచినుకు గారు చెప్పిందే అసలు విషయం. ఎంతమంది వచ్చారని కాదు, వాళ్లు పెట్టిన ఖర్చులో ఊళ్లో ఎంత నిలిచిందని చూడాలి. ప్యాకేజీ డబ్బు బయటి కంపెనీకి, బుకింగ్ కమిషన్ యాప్‌కి, హోటల్ లాభం ఎక్కడో ఉన్న ఓనరుకి పోతే, సరుకులు కూడా బయటినుంచే వస్తే, స్థానికులకు మిగిలేది జీతాలే, అవీ సీజన్ వరకే. దీన్నే లీకేజీ అంటారు. ఫిజీలో 2020లో రిసార్టులు మూతపడితే చాలామంది పనివాళ్లు సొంత ఊళ్లకెళ్లి సాగు, చేపలవేట చేసుకున్నారు, వస్తుమార్పిడి కూడా మళ్లీ మొదలైంది. అక్కడ దాదాపు 87 శాతం భూమి ఆదివాసీ సముదాయాలదే, అమ్మకానికి వీల్లేదు, లీజుకి మాత్రమే ఇస్తారు. భూమి చేజారలేదు కాబట్టే వెనక్కి వెళ్లడానికి చోటుంది.

అద్దె_ఇల్లు:
అద్దెల సంగతీ చూడండి. ఇళ్లన్నీ టూరిస్టులకిచ్చేస్తే ఊళ్లో పనిచేసే టీచర్లు, నర్సులు ఎక్కడుండాలి? బార్సిలోనా 2028 నవంబరు కల్లా పర్యాటక అపార్ట్‌మెంట్ల లైసెన్సులు తీసేస్తామని 2024లోనే ప్రకటించింది. నాకైతే సబబే అనిపించింది.

కొత్తమొలక:
అంతా నష్టమే అన్నట్టు మాట్లాడకండి. టూరిజం వచ్చాకే మా అమ్మ చేతికి సొంత సంపాదన వచ్చింది, నేను వలస పోకుండా ఇక్కడే ఉండగలిగాను. ఇది చిన్న విషయం కాదు.

లెక్కల_మనిషి:
@కొత్తమొలక ఒప్పుకుంటాను, వద్దనడం లేదు. షరతులు పెట్టే హక్కు ఊరికి ఉండాలంటున్నాను. నమీబియాలో 1996 చట్టంతో స్థానిక సముదాయాలకు వన్యప్రాణులపై, టూరిజంపై హక్కులొచ్చాయి, లాడ్జీలతో ఒప్పందాలు వాళ్లే చేసుకుంటారు. అయినా 2020లో వాళ్లకీ రాబడి పడిపోయింది, అందుకే రెండో ఆదాయం తప్పనిసరి.

సీజన్_గైడు:
మా గైడులందరం కలిసి సీజన్‌లో కొంత పక్కన పెట్టే ఉమ్మడి నిధి ఆలోచిస్తున్నాం. ఎవరైనా అలా నడిపారా? డబ్బు తీయడానికి ఏం నియమం పెట్టుకున్నారు?

వానచినుకు:
మేం నడుపుతున్నాం. ముగ్గురి సంతకం ఉంటేనే డబ్బు తీస్తాం, లెక్క నెలనెలా అందరి ముందూ చదువుతాం.