క్లోజె వరల్డ్ కప్ గోల్స్ 16లో హెడర్లు ఎన్ని?

ప్రశ్న (లెఫ్ట్‌వింగ్): జర్మనీ ఫుట్‌బాల్ ఫార్వర్డ్ మిరొస్లావ్ క్లోజె అంటే హెడర్లే (తలతో కొట్టే గోల్స్) అంటారు. నిజంగా అన్నీ తలతోనేనా? 36 ఏళ్లకు కూడా ఎలా కొట్టగలిగాడు?

ఆఫ్‌సైడ్ అన్న: 2002లో కొట్టిన 5 హెడర్లే. సౌదీపై 8–0లో 3, తర్వాత ఐర్లాండ్, కామెరూన్ మీద ఒక్కోటి. ఆ పేరు అక్కడే పడిపోయింది. ఆ తర్వాతి 11లో హెడర్లు రెండే: 2006లో అర్జెంటీనాపై 80వ నిమిషంలో, 2010లో ఆస్ట్రేలియాపై.

సెకండ్ బాల్: తల కన్నా అతని అడుగులు చూడండి. 2010లో ఇంగ్లండ్‌పై జర్మనీ గోల్‌కీపర్ నోయర్ కొట్టిన గోల్ కిక్ (గోల్ ముందు నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే తన్ను) నేరుగా అవతలి సగంలో పడింది. గోల్ కిక్‌కి ఆఫ్‌సైడ్ (బంతి అందేలోపే డిఫెండర్ల వెనక కాచుకోకూడదన్న నియమం) వర్తించదు కాబట్టి క్లోజె డిఫెండర్ల వెనకే కాచుకోగలిగాడు. ఇంగ్లండ్ డిఫెండర్ అప్సన్‌ని భుజంతో ఆపి, జారుతూ కాలు చాచి గోల్లోకి తోశాడు. 2014లో ఘనాపై 69వ నిమిషంలో దిగి 71లో కొట్టింది అంతకన్నా తేలిక: కార్నర్ బంతి సహచరుడు హొవెడెస్ తలకి తగిలి ఫార్ పోస్ట్‌కి (గోల్ అవతలి స్తంభం దగ్గరికి) వస్తే, అక్కడ ముందే ఉన్నాడు. వేగం తగ్గినా ఈ పని నడుస్తుంది.

లెఫ్ట్‌వింగ్: బ్రెజిల్‌పై 16వది?

ఆఫ్‌సైడ్ అన్న: 23వ నిమిషం. మొదటి షాట్ బ్రెజిల్ గోల్‌కీపర్ సెజార్ ఆపాడు, తిరిగొచ్చిన బంతిని మళ్లీ కొట్టాడు. దాంతో బ్రెజిల్ రొనాల్డో 15 వరల్డ్ కప్ గోల్స్ రికార్డు దాటాడు. పదహారులో ఒక్క పెనాల్టీ కూడా లేదండోయ్!