‘డిస్టార్ట్’కి అన్నిచోట్లా ‘వక్రీకరించు’ సరిపోతుందా?

ప్రశ్న:
‘డిస్టార్ట్’ అనే ఇంగ్లీషు క్రియకు నిఘంటువుల్లో వక్రీకరించు, వికృతం చేయు, మెలితిప్పు లాంటి అర్థాలు కనిపిస్తాయి. ఒక అనువాదంలో ఈ మాట నాకు మూడుచోట్ల తగిలింది. ‘పత్రిక ఆయన మాటల్ని డిస్టార్ట్ చేసింది’, ‘వాల్యూమ్ పెంచితే పాట డిస్టార్ట్ అవుతోంది’, ‘ఈ మ్యాపు దేశాల సైజుల్ని డిస్టార్ట్ చేస్తుంది’. మొదటిదానికి వక్రీకరించు సరిగ్గా కుదిరింది. మిగతా రెంటికీ అదే రాస్తే ఎబ్బెట్టుగా ఉంది. ఎందుకంటారు? వేరే మాటలేమైనా ఉన్నాయా?

జవాబు:
ఎబ్బెట్టుగా ఉండదా మరి! ‘వక్రీకరించు’ అనగానే మన చెవి ఒక దోషి కోసం వెతుకుతుంది. ఎవరో, కావాలని, ఉన్నదాన్ని వంకర చేశారన్నమాట. పాట విషయంలో ఆ ‘ఎవరో’ లేరు.

ఈ ఆరోపణ ఆ మాట నిర్మాణంలోనే ఉంది. వక్రం, కరణం కలిస్తే మధ్యలో ‘ఈ’కారం ఎక్కణ్ణుంచి వచ్చింది? సంస్కృత వ్యాకరణంలో దీన్ని చ్వి ప్రత్యయం అంటారు. ముందు అలా లేనిది ఇప్పుడు అలా అయిందని చెప్పడానికి అది వస్తుంది. కాబట్టి వక్రీకరణ అన్నామంటే, అంతకుముందు ఆ వస్తువు తిన్నగానే ఉండేదని ఒప్పుకున్నట్టే. ఆ తరవాత ‘కరణం’ ఉంటే ఒకరు చేసినట్టు, ‘భవనం’ ఉంటే తనంత తాను అయినట్టు. ద్రవీభవనం, ఘనీభవనం, బాష్పీభవనం బళ్ళో చదువుకున్నవే కదా. గాలిలోంచి నీళ్ళలోకి ఏటవాలుగా వెళ్ళే కాంతి దారి మళ్ళితే దానికి మనవాళ్ళు పెట్టిన పేరు వక్రీభవనం. అక్కడ వక్రీకరణ అని పెట్టి ఉంటే ఆ పాపం నీళ్ళ మీద పడేది!

ఇంగ్లీషువాళ్ళకు ఈ బాధ లేదు. మనిషి మాటల్ని డిస్టార్ట్ చేస్తాడు, పాట దానంతటదే డిస్టార్ట్ అవుతుంది, క్రియ మాత్రం ఒకటే. తెలుగు అలా ఊరుకోదు. వంగు వేరు, వంచు వేరు. మారు, మార్చు, చెడు, చెరుచు, మెలి తిరుగు, మెలి తిప్పు. అందుకని పర్యాయపదం వెతికే ముందు, ఆ పని ఎవరైనా చేశారా, దానంతటదే జరిగిందా అన్నది తేల్చుకోవాలి. నిఘంటువు ఆ పని మన బదులు చేసిపెట్టదు.

ఆ ఇంగ్లీషు మాట పుట్టుక లాటిన్‌లో ఉంది. ‘టార్క్వేరే’ అంటే మెలిపెట్టడం. టార్చర్, టార్క్, ఎక్స్‌టార్షన్ అన్నీ ఆ ధాతువు పిల్లలే. అంటే డిస్టార్ట్‌కి అక్షరాలా సరైన తెలుగు ‘మెలితిప్పు’ అవ్వాలి. కానీ మన దగ్గర మెలితిప్పడం చెయ్యి దగ్గరో మీసం దగ్గరో ఆగిపోయింది. ఒప్పందాల్లో ‘మెలిక పెట్టడం’ ఉంది గానీ దాని అర్థం వేరు. ‘నా మాటల్ని మెలితిప్పారు’ అని ఈమధ్య అక్కడక్కడా చూస్తున్నాను, నాకైతే అనువాదం వాసన కొడుతుంది. వక్రం సంగతి ఇంకా తమాషా. దాని ధాతువు ‘వంచ్’, అంటే వంకరగా వెళ్ళడం. మోసం అనే అర్థంలో వంచన పుట్టిందీ దాన్నుంచే. మాటల్ని వక్రీకరించినవాడు వంచకుడు కూడా అవడం ధాతువు చేసిన తీర్పన్నమాట.

ఇక మాటల్ని చెడగొట్టే పనికి తెలుగులో పదాల కరువే లేదు, ఒక్కోదానికి ఒక్కో వాటం. ఒకరు అన్నదానికి లేని అర్థం అంటగడితే పెడర్థం తీయడం. అదే పని కాస్త పాండిత్యం ఒలకబోస్తూ చేస్తే వక్రభాష్యం. కాగితాలు, సాక్ష్యాలు మార్చేస్తే తారుమారు చేయడం. చిన్న సంగతిని పెంచి చెప్తే చిలవలు పలవలు అల్లడం. మామూలు గొడవకు లేని కారణం అంటిస్తే రంగు పులమడం. మసిపూసి మారేడుకాయ చేయడం వీటన్నిటికంటే ఒక మెట్టు పైన, అక్కడ వస్తువునే ఇంకోటని నమ్మిస్తారు. ‘అపార్థం చేసుకోవడం’ మాత్రం ఈ గుంపులో కలపకండి. అందులో దురుద్దేశం లేదు, అర్థం కాలేదంతే.

ఇంగ్లీషులో దీనికి దగ్గరి చుట్టం ‘గార్బుల్’. అరబ్బీలో జల్లెడ పట్టడం అనే మాట నుంచి, ఇటాలియన్ మీదుగా వచ్చింది. మొదట్లో సుగంధ ద్రవ్యాల్లో చెత్త ఏరడం దాని అర్థం. తరవాత ఒకరి మాటల్లో తమకు కావలసినవే ఏరుకుని అర్థం మార్చేయడం అయింది. అబద్ధం ఒక్కటీ చేర్చక్కర్లేదు, ఏరితే చాలు! దీనికి తెలుగులో ఒక్క మాట నాకు దొరకలేదు. ‘ముందూ వెనకా కత్తిరించి చెప్పారు’ అంటాం, అది చాలు.

మీ రెండో వాక్యానికి వద్దాం. ఆంప్లిఫైయర్ తన శక్తికి మించి సిగ్నల్ ఇవ్వాల్సి వస్తే శబ్ద తరంగం కొసలు తెగ్గోసినట్టు చదునవుతాయి. దాన్నే క్లిప్పింగ్ అంటారు. దాంతో అసలు పాటలో లేని పౌనఃపున్యాలు వచ్చి చేరతాయి. ఎవరూ కుట్ర చెయ్యలేదు కాబట్టి ‘వాల్యూమ్ పెంచితే పాట పగిలినట్టు వినిపిస్తోంది’ అనండి. రాక్ సంగీతంలో గిటారిస్టులు ఆ పగులు కోసమే పెడల్స్ కొంటారు. వాళ్ళ గురించి రాస్తే డిస్టార్షన్ అనే ఉంచేయడం మంచిది.

మ్యాపు కథ వేరు. మీరన్నది మ్యాపులు గీసే మెర్కేటర్ అనే ఆయన 1569లో గీసిన పద్ధతి అయ్యుంటుంది. నావికులకు దిక్కులు తప్పకుండా ఉండటం కోసం ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ సైజులు పెరిగిపోతాయి. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు పెద్దది. గోళాన్ని కాగితం మీద పరిస్తే ఎక్కడో ఒకచోట ఇలాంటి తేడా రాక తప్పదు. ‘ఈ మ్యాపులో దేశాల సైజులు ఉన్నవి ఉన్నట్టు కనిపించవు’ అంటే సరి. ఒక క్రియకు ఒక క్రియే పెట్టాలని నియమమేం లేదు.

మరొకరి జవాబు:
అంతా బాగానే ఉంది గానీ, వక్రానికి మరీ అంత చెడ్డపేరు కట్టబెట్టకండి. సంస్కృత ఆలంకారికుడు కుంతకుడు కావ్యానికి వక్రోక్తే, అంటే మాటను మామూలుగా కాక చమత్కారంగా చెప్పడమే ప్రాణమన్నాడు. అలంకారాల్లోనూ వక్రోక్తి ఉంది, ఒకరన్న మాటకు శ్లేషతోనో కాకువుతోనో (గొంతు మార్చి పలకడంతోనో) వేరే అర్థం తీసి జవాబివ్వడం. మీ లెక్కలో అది పెడర్థమే కదా?

జవాబు:
పెడర్థమే, కాదనను. కానీ అక్కడ అన్నవాడికీ విన్నవాడికీ ఆట అని తెలుసు, నిందపడేవాడు లేడు. పైగా కుంతకుడిది వక్రత, వక్రీకరణ కాదు. తిన్నగా ఉన్నదాన్ని పాడుచేయడం గురించి ఆయన మాట్లాడలేదు.

ప్రశ్న అడిగినవారు:
మరి ‘వికృతం చేయు’?

జవాబు:
రూపం చెడి అసహ్యంగా తయారైనప్పుడు వాడండి. ముఖం, విగ్రహం, ఫొటో లాంటివాటికి. ‘వికృతి’ని మాత్రం ముట్టుకోకండి. భౌతికశాస్త్రంలో అది బలం ప్రయోగించినప్పుడు వస్తువులో వచ్చే మార్పు, ప్రతిబలానికి (ఇంగ్లీషులో స్ట్రెస్) జోడీ. వ్యాకరణంలో ఆకాశానికి ఆకసం, భక్తికి బత్తి వికృతులు. ఆకసం అన్నవాణ్ణి ఆకాశాన్ని చెడగొట్టావని ఎవరూ అడగరు.