ఊరి నక్ష ఎవరు గీయాలి: కుడానా, పంచాయతీలా?

మడికొండ వాసి:
మొన్న చుట్టాల పెళ్లిలో బంతి భోజనం దగ్గర మొదలైన గొడవ ఇది. ఇక్కడన్నా తేలుతుందేమో చూద్దాం. కుడా, అంటే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, పరిధి ఇప్పుడు 1,805 చదరపు కిలోమీటర్లు, 181 గ్రామాలు. హన్మకొండ, వరంగల్, జనగామ మూడు జిల్లాల్లో పరుచుకుని ఉంది. మధ్యలో గ్రేటర్ కార్పొరేషన్, చుట్టూ పంచాయతీలు. ఎక్కడ ఇళ్లు కట్టాలి, ఎక్కడ పొలం పొలంగానే ఉండాలి అన్నది 2041 మాస్టర్ ప్లాన్ చెప్తుంది. డెబ్బైల తొలినాళ్ల ప్లాన్ తర్వాత ఇది 2024 నవంబర్‌లో గానీ ఖరారు కాలేదు. ఈ గీతలు గీసే అధికారం ఒకే చోట ఉండాలా, ఊరూరా ఉండాలా? నేనైతే ఒకే చోట అంటాను. కాకతీయులు చెరువులను గొలుసుకట్టుగా తవ్వించారు. పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువుకు పోతాయి. ఆ నీళ్లకు పంచాయతీ హద్దు ఏం తెలుసు?

హంటర్ రోడ్ ఇల్లాలు:
2023 జులై 27 పొద్దున బొందివాగు పొంగి మా ఇంట్లో నడుము లోతు నీళ్లు. బియ్యం డబ్బాతో సహా అన్నీ పోయాయి. వాగు పక్కన ఎందుకు కొన్నారని అందరూ మమ్మల్నే అంటారు. సరే, అందులో మా తప్పూ కొంత ఉంది. కానీ మేం వచ్చిన కొత్తలో పైన అంతా పొలాలే. వాన నీళ్లు ఒడ్ల మధ్య ఆగి, ఇంకి, మెల్లగా వచ్చేవి. ఇప్పుడు అక్కడ వెంచర్లు, సీసీ రోడ్లు. రెండు గంటల్లో మా గుమ్మం ముందుంటాయి. ఎక్కడికి వెళ్లి అడిగినా ఒకటే మాట: "అది మా పరిధి కాదమ్మా."

మత్తడి కింది పొలం:
మడికొండ అన్నా, కాకతీయుల ముచ్చట బాగుంది. 2022 ముచ్చట కూడా చెప్పరాదే? ఔటర్ రింగ్ రోడ్డు వెంట 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్ అన్నారు, అంటే పొలాలు తీసుకుని, ప్లాట్లు చేసి, అందులో కొంత రైతుకు తిరిగి ఇస్తరట. రైతులు రోడ్డెక్కితే గానీ ఆ జీవో రద్దు కాలేదు. నువ్వు చెప్పే "ఒకే చోట" అంటే అదే. ప్లాన్ గీసేదీ కుడావాళ్లే, వెంచర్ వేసి ప్లాట్లు వేలం పెట్టేదీ వాళ్లే. వడ్డించేవాడే తినడానికి కూర్చుంటే బంతి చివరోనికి ఏం మిగుల్తది? ఇంకో మాట. 2024 జనవరి చివర్లో సర్పంచుల గడువు అయిపోయింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబర్‌లోనే. అంటే ప్లాన్ ఖరారైన నాటికి ఏ ఊళ్లోనూ సర్పంచే లేడు, స్పెషలాఫీసర్ పాలన. మా ఊరి తరఫున ఎవరు మాట్లాడినట్టు?

పాత డ్రాఫ్ట్‌మన్:
సర్పంచులు లేరన్నది నిజమే. కానీ సర్పంచులు ఉన్నప్పుడు జరిగింది కూడా చెప్పుకోవాలి. ఊరూరా గ్రామ పంచాయతీ లేఅవుట్ అని చెప్పి అమ్మిన ప్లాట్లు ఎన్ని! 2020లో అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ పెడితే రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంత అక్రమం ఒక్క ఆఫీసులో పుట్టలేదు. అసలు తంటా ఎక్కడంటే, పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చే నాలా కన్వర్షన్ ఇచ్చేది రెవెన్యూ, చెరువు ఎఫ్‌టీఎల్, అంటే నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, గుర్తించేది ఇరిగేషన్, లేఅవుట్ చూసేది కుడా, ఇంటి పర్మిషన్ పంచాయతీది. నాలుగు మ్యాపులు, ఒక దాని మీద ఒకటి పెడితే సరిపోవు. (నాలా అంటే వాగు అనుకుని కన్వర్షన్ కాగితం చూసి సంబరపడ్డ ఆసామిని నేను చూశాను. నవ్వకండి.) పది హెక్టార్లు దాటిన చెరువుకు చుట్టూ 30 మీటర్లు కట్టడాలు లేని బఫర్ ఉండాలని రూల్ 2012 నుంచీ ఉంది. టేపు పట్టుకునేవాడు ఎవడన్నదే ప్రశ్న.

కామారెడ్డి తమ్ముడు:
చిన్న ప్లాన్ అయితే ఊరి మాట వింటారు అనుకునేవాళ్లకు ఒక్కటే చెప్తా. మాది ఒక్క మున్సిపాలిటీ ప్లాన్. విలీన గ్రామాల పంట పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారు. 2023 జనవరిలో ఎంత గొడవైందో మీకు తెలుసు, చివరికి కౌన్సిలే రద్దు తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే కథ.

నర్సంపేట మాస్టారు:
రాజ్యాంగంలో దీనికి దారి ఉంది. 243 జడ్‌డీ ప్రకారం జిల్లా ప్రణాళికా కమిటీ. పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఉమ్మడి విషయాలు, అంటే స్థల ప్రణాళిక, నీటి పంపకం, అది చూడాలని స్పష్టంగా రాసి ఉంది. సభ్యుల్లో అయిదింట నాలుగు వంతులు ఎన్నికైనవాళ్లే. కానీ 2016లో వరంగల్‌ను ముక్కలు చేశాక ఒక్క కుడాకే మూడు జిల్లాలు తగిలాయి. అప్పుడు 243 జడ్‌ఈ, పది లక్షలు దాటిన ప్రాంతానికి మెట్రోపాలిటన్ కమిటీ. అందులో మూడింట రెండు వంతులు కార్పొరేటర్లు, పంచాయతీ అధ్యక్షుల నుంచే రావాలి.

మత్తడి కింది పొలం:
సార్, సీట్లు జనాభా లెక్కన కదా? మరి పట్నపోళ్లే ఎక్కువుంటరు. మా ఊరిని గ్రీన్ జోన్ చేయడానికి చెయ్యెత్తుతరు, ఎందుకంటే వాళ్ల కాలనీ మునగొద్దు. తప్పు పట్టట్లే. కానీ రోడ్డుకు అటు పక్క రెసిడెన్షియల్, ఇటు పక్క నా రెండెకరాలు గ్రీన్. బిడ్డ పెళ్లికి అమ్మాలంటే రేటు ఎంత తేడా వస్తదో ఎవరన్నా లెక్క కట్టారా?

మడికొండ వాసి:
ఇది నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. అయితే నా ప్రతిపాదన మార్చుకుంటా. గీత ఒకే చోట గీయాలి, చెరువుల గొలుసును బట్టి గీయాలి. కానీ డెవలప్‌మెంట్ చార్జీల్లో కొంత ఉమ్మడి ఖాతాలో వేసి, చెరువు శిఖం భూమి (నీళ్లు నిలిచే నేల) ఖాళీగా ఉంచి, పొలం పొలంగా ఉంచిన ఊళ్లకు ఏటా వాటా ఇవ్వాలి. రైతుకు నేరుగా. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునే పరిహారం కాదు.

పాత డ్రాఫ్ట్‌మన్:
వసూలు చేసినవాడు పంచుతాడా? నా సర్వీసులో ఫండ్ ఒక ఆఫీసు నుంచి పక్క ఆఫీసుకు పోవడమే చూడలేదు.

మత్తడి కింది పొలం:
ఆ వాటా సంగతి కాగితం మీద రాసి తెండి. గ్రామసభలో చదివిస్తా. ఇప్పుడు మా ఊళ్లో సర్పంచ్ ఉన్నాడు.

హంటర్ రోడ్ ఇల్లాలు:
ఆ గ్రామసభేదో వానాకాలం లోపు పెట్టించు తమ్ముడూ. నేనూ వస్తా.