అప్‌డేట్ అయ్యాక ఖర్చుల యాప్‌లో లెక్కలన్నీ తారుమారు, ఏం చేయాలి?

బ్యాంకు ఎస్సెమ్మెస్‌లు చదివి ఖర్చులు రాసుకునే యాప్ ఒకటి నాలుగేళ్లుగా వాడుతున్నా, డబ్బు కట్టి మరీ. మొన్న రాత్రి దానంతటదే అప్‌డేట్ అయింది. పొద్దున చూస్తే క్రెడిట్ కార్డుతో కొన్న కిరాణా ఒకసారి, ఆ కార్డు బిల్లు కట్టినప్పుడు మళ్లీ ఇంకోసారి ఖర్చు కింద పడింది, ఇదివరకు బిల్లు కట్టడాన్ని ట్రాన్స్‌ఫర్‌గానే తీసుకునేది. పాలవాడికి యూపీఐలో పంపిన 64 రూపాయలేమో ఆదాయంలో ఉన్నాయి (మా ఆవిడ ఒకటే నవ్వు, నాకు టెన్షన్).

పాత వెర్షన్ వేద్దామంటే ముందు కొత్తది తీసేయాలి, తీస్తే డేటా పోతుంది. తమ్ముడి ఫోన్లో పాతదే ఉంది, అందులో నా కొత్త బ్యాకప్ తెరుచుకోవట్లేదు. యాప్ వాళ్లకి మెయిల్ పెడితే క్యాష్ (యాప్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) క్లియర్ చేయమని ఒకటే పాట. లెక్కలన్నీ సీఎస్‌వీగా, అంటే మామూలు పట్టిక ఫైలుగా బయటికి తీసి వేరే యాప్‌లోకి ఎక్కిస్తే నా కేటగిరీలు నిలుస్తాయా? ఎవరైనా అలా చేసుంటే కాస్త చెప్పండి.