వీడియో చూస్తుంటే అంతా అర్థమవుతుంది, చేద్దామంటే చెయ్యి ఆడదు. నేర్చుకోడానికి మీ పద్ధతేంటి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డేటా అనాలిసిస్, దాంతోపాటు గిటార్ నేర్చుకుంటున్నాను. ఉద్యోగం అయ్యాక రోజుకి గంటకి మించి దొరకదు. వీడియో చూస్తున్నంతసేపూ ప్రతి లైనూ అర్థమవుతుంది, నోట్సు కూడా రాసుకుంటాను, తీరా ఖాళీ ఫైలు తెరిచి సొంతంగా చిన్న ప్రోగ్రాం రాద్దామంటే మొదటి లైను దగ్గరే ఆగిపోతాను. నెట్‌లో వెతికితే నోట్సు యాప్‌లు, ట్రాకర్లు, టైంటేబుళ్ళు బోలెడు కనిపిస్తున్నాయి, ఏది పట్టుకోవాలో తెలియట్లేదు. మీరు నిజంగా వాడుతున్న పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు 1:
యాప్ సంగతి తర్వాత చూద్దురుగాని. ముందు ఆ గంటలో చూడటం ఎంత, చెయ్యడం ఎంత అన్నది మార్చండి. కొంచెం వీడియో చూశాక మూసేసి, నోట్సు కూడా పక్కన పెట్టి, అందులో చేసిందే ఖాళీ ఫైల్లో మళ్ళీ రాయండి. గుర్తురాకపోతే కాసేపు గింజుకోండి, వెంటనే వెనక్కి వెళ్ళి చూడొద్దు. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చి, ఒకసారి మళ్ళీ చదివిస్తే ఏమవుతుంది, చూడకుండా గుర్తున్నంత రాయిస్తే ఏమవుతుంది అని పోల్చారు. ఐదు నిమిషాల్లో పరీక్ష పెడితే మళ్ళీ చదివిందే ఎక్కువ గుర్తుంది. వారం ఆగి పెడితే తారుమారైంది, చూడకుండా రాసిందే నిలబడింది. మీకు వీడియో అవగానే వచ్చేసినట్టు అనిపించేది ఆ ఐదు నిమిషాల ధైర్యమే.

ఇంకోటి, ఇవాళ రాసింది రేపొకసారి, మళ్ళీ నాలుగైదు రోజులకొకసారి మొదట్నుంచీ రాయండి. కొంచెం మర్చిపోయాక గుర్తు తెచ్చుకుంటేనే గట్టిపడుతుంది.

జవాబు 2:
పైన చెప్పింది పైథాన్‌కి సరిగ్గా సరిపోతుంది గానీ గిటార్‌కి అదొక్కటే చాలదండి. చేతి పనిలో ఎక్కడ తప్పుతోందో కనిపెట్టడమే సగం పని. జీ కార్డు (కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా వేళ్ళు పట్టే తీరు) నుంచి సీ కార్డుకి మారేటప్పుడు తడబడితే చాలామంది పాటంతా మళ్ళీ మొదట్నుంచి వాయిస్తారు. అలా కాకుండా ఆగి వేళ్ళని చూడండి. మామూలుగా పట్టే జీలో ఉంగరం వేలు అన్నిటికంటే సన్న తీగ మీద మూడో ఫ్రెట్‌లో (మెడ మీది అడ్డ కడ్డీల మధ్య మూడో గడిలో) ఉంటుంది, సీకి వచ్చేసరికి అదే వేలు నాలుగు తీగలు దాటి అయిదో తీగకి వెళ్ళాలి, మిగతా రెండు వేళ్ళకంటే అదే ఎక్కువ తీగలు దాటాలి. అది ఆలస్యంగా చేరితే తాళం తప్పుతుంది. కాబట్టి పాట వదిలేసి, ఉంగరం వేలు ముందు దించడం ఒక్కటే మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) బాగా నెమ్మదిగా పెట్టుకొని చెయ్యండి. ఫోన్‌లో రికార్డు చేసుకొని వినండి, వాయించేటప్పుడు వినపడని తప్పులు అప్పుడు వినపడతాయి.

పదివేల గంటలు సాధన చేస్తే ఏదైనా వచ్చేస్తుందనే మాట పట్టించుకోకండి. ఎరిక్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1993లో రాసిన పరిశోధన నుంచి పాకిన మాట అది. అక్కడ ఆ అంకె మేటి వయొలిన్ విద్యార్థులు ఇరవై ఏళ్ళు వచ్చేసరికి చేసిన సాధనకి సగటు, అంతే. ఆయన నొక్కి చెప్పింది తప్పుని ఎంచుకొని, దాన్నే సరిదిద్దుతూ చేసే సాధన గురించి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండి, గిటార్ విషయం వెంటనే చూస్తాను. అయితే రెండూ ఒకేసారి పెట్టుకోవచ్చా? తప్పులు ఎక్కడ రాసుకుంటున్నారు?

జవాబు 3:
పెట్టుకోవచ్చు, కానీ గంటలో ఎక్కువ భాగం ఒకదానికే ఇవ్వండి, రెండోది చెయ్యి మర్చిపోకుండా కాసేపు చాలు. తప్పులకి నేను మామూలు నోటుబుక్కే వాడతాను. ఒక్కో తప్పుకి మూడు ముక్కలు: ఏమవుతుందనుకున్నాను, ఏమైంది, ఎందుకైంది. ఉదాహరణకి, ఫైల్లో కాలమ్ కళ్ళముందే కనిపిస్తున్నా పైథాన్ కీఎర్రర్ (ఆ పేరుతో ఏదీ దొరకలేదు) అంటుంది, తీరా చూస్తే కాలమ్ పేరు చివర ఒక స్పేస్ ఉంటుంది. ఇది ఒకసారి మీ మాటల్లో రాసుకుంటే ఈసారి ఆ ఎర్రర్ వచ్చినప్పుడు చెయ్యి ముందు అక్కడికే వెళ్తుంది. వారానికోసారి ఆ పేజీలు తిరగేసి, ఏ తప్పు మళ్ళీ మళ్ళీ వస్తోందో అదే వచ్చే వారం పనిగా పెట్టుకోండి. కొత్త వీడియో ఏది చూడాలన్నది కూడా దాన్నిబట్టే తేల్చుకోవచ్చు.