కృత్రిమ కాళ్ల పని చేతితో నేర్చుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న: నయీంనగర్ అమ్మాయి

హనుమకొండలో ఎం.టెక్. చదువుతున్నాను. మోకాలి కింద కాలు పోయినవారికి సాకెట్, అంటే కృత్రిమ కాలిలో మిగిలిన కాలు దూరే గుల్ల, తయారు చేయడం నా ప్రాజెక్టు. తయారీ అంటే ఇప్పటివరకు కంప్యూటర్‌లోనే. బరువు వేస్తే ఒత్తిడి ఎక్కడ పడుతుందో తెర మీద ఎరుపు, పసుపు రంగుల్లో చూపించగలను. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

పోయిన నెల ఆ బొమ్మను మా చిన్నాన్నకు చూపించాను. జిన్నింగు మిల్లులో ఆయన కాలు పోయి ఆరేళ్లయింది. "నాకు నొప్పి ఎక్కడ పుడుతుందో ఇందులో చూపించు" అన్నాడు. ఎర్రగా ఉన్న చోటు చూపించాను. "అక్కడ కాదు" అంటూ కృత్రిమ కాలు విప్పి, మోకాలి పక్కన బయటివైపు కాయ కాచిన చోట నా వేలు పెట్టించాడు. అలాంటి కాలును నేను ముట్టుకోవడం అదే మొదటిసారి. సిగ్గేసింది.

వేసవిలో ఆరు వారాల ఖాళీ ఉంది. ఒక ఆసుపత్రిలో అడిగితే ఇంజనీర్లకు ఇక్కడేం పని అన్నారు. ఎక్కడికి వెళ్లాలి? ముందు ఏం నేర్చుకోవాలి?

జవాబు: కరీంనగర్ పాత చెయ్యి

తల్లీ, ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని. మీ చిన్నాన్న చూపించింది ఫిబ్యులా తల, అంటే మోకాలి కింద బయటివైపు ఉండే సన్నని ఎముక పైకొస. పాదానికి వెళ్లే నరం దాన్ని చుట్టుకునే పోతుంది. అక్కడ సాకెట్ నొక్కకూడదు. మోకాలిచిప్ప కింది స్నాయువు మాత్రం బరువు ఓర్చుకుంటుంది. 1950ల చివర్లో బర్క్‌లీలో రూపుదిద్దుకున్న సాకెట్ పద్ధతి ఈ తేడా మీదే నిలబడింది. పుస్తకంలో అది ఒక పేరా. నా బొటనవేళ్లకు ఎక్కడానికి రెండేళ్లు పట్టింది.

మొదటి రెండు వారాలు ప్లాస్టర్‌కే ఇవ్వు. ఎముకలు తగిలే చోట్లను తడిస్తే అంటుకునే పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. తడి కట్టు చుట్టాక ఆ గుర్తులు దాని లోపలి గోడకు దిగుతాయి. అందులో ప్లాస్టర్ పోస్తే కాలి అచ్చు వస్తుంది, గుర్తులతో సహా. ఆ తర్వాత అచ్చును ఆకురాయితో ఎక్కడ గీకాలి, ఎక్కడ కాస్త ప్లాస్టర్ అద్దాలి అన్నదే అసలు విద్య. ముందు ఇంట్లోవాళ్ల కాళ్ల మీద చెయ్యి. కట్టు కింద సన్నని గొట్టం పెట్టుకో, కోసేటప్పుడు చర్మం తెగదు.

కాళ్లు పంచే శిబిరానికి వెళ్లవద్దు. ఆ రోజు అందరూ నవ్వుతారు, దండలు పడతాయి. మూడు నెలల తర్వాత తిరిగి వచ్చేవారి పక్కన కూర్చో. కొత్తగా తెగిన కాలు మొదటి నెలల్లో సన్నబడుతుంది, సాకెట్ వదులవుతుంది. మేజోడు మీద మరో మేజోడు తొడిగితే చాలావరకు సర్దుకునేది, చెప్పేవారు లేక కాలు అటకెక్కుతుంది. జమ్మికుంట వైపు ఒకాయన తన కాలిని చేనులో దిష్టిబొమ్మకు తొడిగాడు. ఎందుకయ్యా అంటే, "నాకు పనికిరాలేదు, పిట్టలకైనా భయం ఉంటుందని" అన్నాడు. నీ ప్రాజెక్టుకు ఆ మాట కావాలి.

ఇక చోట్లు. 1968 ప్రాంతంలో జైపూర్ కాలును డాక్టర్ సేఠీతో కలిసి తయారు చేసిన రామచంద్ర శర్మ ఇంజనీరు కాదు, చేతిపనివాడు. 1975 నుంచి జైపూర్‌లో నడుస్తున్న సంస్థలో ప్లాస్టిక్ పైపును వేడిచేసి అచ్చు మీదికి లాగి సాకెట్ చేస్తారు. చూసి తీరాలి. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో జాతీయ పునరావాస సంస్థ ఉంది. వరంగల్‌లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే భువనేశ్వర్‌లో దిగవచ్చు. మద్రాస్ ఐఐటీలో 2022లో 'కదం' అనే కృత్రిమ మోకాలిని విడుదల చేశారు, నీలాంటివారికి ఆ ప్రయోగశాల నప్పుతుంది. ఎక్కడికైనా మీ గైడు సంతకంతో ఉత్తరం ముందే పంపు.

జవాబు: కాజీపేట టీచరు

చెల్లీ, నేను చక్రాల కుర్చీలో ఉంటాను. నా వెడల్పుకు 14 అంగుళాల సీటు చాలు, ఇచ్చింది 18 అంగుళాలది. రెక్కలు చాచినట్టు చేతులు చాచి తోసి తోసి భుజం పాడైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే కుర్చీ ఇవ్వడంలో ఎనిమిది దశలు చెప్పింది. కొలవడం, సరిపోయిందో చూడడం, వాడకం నేర్పడం, మళ్లీ వచ్చి పలకరించడం అందులోవే. నాకు దక్కింది కుర్చీ ఒక్కటే.

మీలాంటి పిల్లలు మా ఇంటికి మూడుసార్లు వచ్చారు, ప్రతిసారీ సెన్సర్లతోనే. నా స్నానాల గది తలుపు ఎంత వెడల్పో ఒక్కరూ కొలవలేదు. నువ్వు వస్తే పొద్దున ఆరింటికి రా, నేను బడికి బయలుదేరేదాకా ఉండు. పంక్చర్ వేయడం నేర్చుకుని రా.

జవాబు: చట్టం గుర్తుచేసేవాడు

ఒక్క మాట. 1992 చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో నమోదైనవారే ఈ వృత్తి చేయాలి. నేర్చుకోవచ్చు గానీ, మనిషికి తొడిగేటప్పుడు పక్కన నమోదైన వ్యక్తి ఉండాలి. చిన్నాన్నే కదా అని సొంతంగా సాకెట్ తొడిగించకు.

నయీంనగర్ అమ్మాయి (రెండు వారాల తర్వాత)

చిన్నాన్నను ముట్టుకోలేదు. తమ్ముడి కాలికి కట్టు వేశాను. వ్యాసెలిన్ రాయడం మరిచిపోయాను, వెంట్రుకలు కట్టుతో పాటే వచ్చాయి. వాడి అరుపుకు పక్కింటివాళ్లు వచ్చారు. సెలైన్ గొట్టం పెట్టడం మాత్రం మరవలేదు. గుర్తులు లోపలికి దిగాయి, కానీ ఫిబ్యులా గుర్తు వేలెడు కిందికి జరిగింది. మధ్యలో వాడు మోకాలు కదిపాడు.

టీచరు గారూ, ఆదివారం ఆరింటికి రావచ్చా?

కరీంనగర్ పాత చెయ్యి

కదిపింది వాడు, పట్టుకోనిది నువ్వు. రెండో కాలు ఉంది కదా, మళ్లీ వెయ్యి.

కాజీపేట టీచరు

ఆదివారం బడి లేదు. సోమవారం రా.