పెద్దపేగు క్యాన్సర్: రిపోర్టులో మెటబాలిక్ ఎంజైమ్‌లు ఎందుకు ఉండవు?

పెద్దకొడుకు:
నాన్నగారికి రెండో దశ పెద్దపేగు క్యాన్సర్. సర్జరీ అయింది. 14 లింఫ్ గ్రంథులు చూశారు, దేనిలోనూ క్యాన్సర్ కణాలు లేవు. కీమో కావాలా వద్దా అన్నది తేలక ఇంట్లో అందరికీ టెన్షన్. కణితిలో పీకేఎం2, ఎల్‌డీహెచ్‌ఏ లాంటి, గ్లూకోజ్‌ను వాడుకునే మెటబాలిక్ ఎంజైమ్‌లు ఎక్కువుంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని చదివాను. మరి కణితి ముక్కను పరీక్షించి ఇచ్చే రిపోర్టులో అవి ఎందుకు ఉండవు? కణాల పనితీరు చెప్పే కణశాస్త్రమూ, కణితి ముక్కను చూసే సూక్ష్మదర్శినీ మీరే చెప్పండి.

కణశాస్త్రం:
ఉండాలనే నా వాదన. మామూలు పెద్దపేగు కణానికి ప్రధాన ఇంధనం బ్యూటిరేట్, అంటే తిన్న పీచును బాక్టీరియా పులియబెడితే వచ్చేది. క్యాన్సర్ కణం దాన్ని వదిలి గ్లూకోజ్ మీద పడుతుంది. ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజ్‌ను లాక్టేట్‌గా మార్చేస్తుందని వార్‌బర్గ్ 1920లలోనే చూపాడు. ఆ చివరి మెట్టు నడిపేది ఎల్‌డీహెచ్‌ఏ. బయటికొచ్చిన లాక్టేట్, ఆమ్లం కలిసి రోగనిరోధక టీ కణాలను నీరసింపజేస్తాయి. జబ్బు నడకకే కారణమయ్యేదాన్ని కొలవకపోతే ఎలా?

సూక్ష్మదర్శిని:
జీవశాస్త్రంతో నాకు పేచీ లేదు, కొలతతోనే. కణితి ముక్కకు రంగు పట్టించి చూసే పరీక్షలో ఎంజైమ్ ఉన్నచోట గోధుమ రంగు కనిపిస్తుంది. ఒకే స్లైడ్‌లో కణితి అంచున లేతగా, ఆక్సిజన్ సరిగా అందని చోట ముదురుగా ఉండొచ్చు. ఏది స్కోరు? పీకేఎం2 అణువులు నాలుగు కలిస్తే చురుగ్గా పనిచేస్తాయి, రెండేసిగా ఉంటే మందగిస్తాయి. క్యాన్సర్‌లో ఆ జంట రూపమే ముఖ్యమంటారు, కానీ మామూలు రంగు ఆ తేడా చెప్పదు.

ఫలితాలు చూశాక కటాఫ్, అంటే ఎక్కువ తక్కువలను విడదీసే గీత, ఎంచుకుంటే లేని తేడా కూడా కనిపిస్తుంది. ఇలాంటి అధ్యయనాలను ఎలా రాయాలో చెప్పే రీమార్క్ మార్గదర్శకాలు 2005లోనే వచ్చాయి. థైమిడిలేట్ సింథేజ్‌నే తీసుకోండి. 5-ఎఫ్‌యూ అనే కీమో మందు అడ్డుకునేది ఆ ఎంజైమ్‌నే. ఏళ్ల తరబడి కొలిచినా ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు, రోజువారీ రిపోర్టులోకి రాలేదు.

కణశాస్త్రం:
రక్తంలో ఎల్‌డీహెచ్ (ఎల్‌డీహెచ్‌ఏ ఇందులో ఒక భాగం) మాటేమిటి? మామూలు పరీక్షే కదా.

సూక్ష్మదర్శిని:
జబ్బు వేరే అవయవాలకు పాకినవారిలో అది ఎక్కువుంటే ఆయుర్దాయం తక్కువని చాలాసార్లు తేలింది, ఒప్పుకుంటాను. కానీ ఎర్ర రక్తకణాల్లోనూ ఎల్‌డీహెచ్ దండిగా ఉంటుంది. ట్యూబును గట్టిగా కుదిపి ఆ కణాలు పగిలినా అంకె పెరుగుతుంది. రెండో దశలో కీమో నిర్ణయాన్ని దాని మీద పెట్టలేం.

పెద్దకొడుకు గారూ, ముందు మూడు చూడండి: కణితి పేగు గోడ పూర్తిగా దాటిందా, పేగు మూసుకుపోయిందా, ఎంఎంఆర్ పరీక్ష, అంటే డీఎన్‌ఏ నకలులో తప్పులు దిద్దే ఏర్పాటు కణితిలో పనిచేస్తోందా అని చూసేది, ఏం చెప్పింది? రెండో దశలో ఎంఎంఆర్ లోపం ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం తక్కువ, 5-ఎఫ్‌యూ ఒక్కటే ఇచ్చినా ప్రయోజనం కనబడలేదు. రక్తంలో కణితి డీఎన్‌ఏ చూసే పద్ధతీ ఉంది. 2022లో వచ్చిన డైనమిక్ ట్రయల్‌లో 455 మంది రెండో దశ రోగులున్నారు. ఆ పరీక్షను బట్టి నడిచిన గుంపులో కీమో తీసుకున్నవారు 15 శాతం, మామూలు పద్ధతిలో 28 శాతం. రెండేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు వరుసగా 93.5, 92.4 శాతం.

కణశాస్త్రం:
ఇలాంటి రుజువు ఎంజైమ్‌లకు ఇంకా లేదు, నిజమే. కానీ తలుపు మూసేయకండి. పాత ట్రయళ్లలో దాచిన కణితి ముక్కల మీద, కటాఫ్ ముందే రాసిపెట్టి పరీక్షించాలి.

పెద్దకొడుకు:
రిపోర్టు మళ్లీ తీశాను. ఎంఎంఆర్ దగ్గర ‘చేయలేదు’ అని ఉంది.

సూక్ష్మదర్శిని:
కణితి ముక్కను మైనపు దిమ్మలో దాచి ఉంచుతారు. ఇప్పుడైనా చేయొచ్చు, రేపే అడగండి.